మా రాగికాగు

నీరు దేవుడిచ్చిన ఉచితమైన వరమని పెద్దలందురు. వేడినీటిని గూర్చి అట్లనుటకు వీలులేదు. దానివెనుక కట్టెయో, బొగ్గో, కరెంటో యుండవలెను. వానిని సమకూర్చిన మనుష్యుని శ్రమయు నుండవలెను. భూమియే నీటిని కాచి యిచ్చు తావులు మన ప్రాంతమున లేకపోలేదు. భద్రాచలమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున గోదావరి యొడ్డున గుండాల యను గ్రామము కలదు. అచ్చట ఇసుకను త్రవ్విన వేడినీరూరును. జనులు దానిని ఉష్ణగుండమందురు. మణుగూరునకు సమీపమున పగిడేరులో సింగరేణి సంస్థవారు బొగ్గును వెదకుటకై వేసిన బోరునుండి వేడినీరు తనంతట పైకి పొంగెను. ఆ వేడిమితో విద్యుత్తును పుట్టించు ప్రయత్నము కూడ జరిగినది. మా ఏన్కూరునకు అట్టి భాగ్యము లేదు. ఇచ్చట వేడినీరు కావలెనన్న ఎవరో యొకరు కట్టె తేవలెను.

మా యూరు తల్లాడనుండి కొత్తగూడెమునకు పోవు మార్గమున నున్నది. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు కొత్తగూడెమును భద్రాచలమును వేరు జిల్లాలో చేరెను; మా మండలము ఖమ్మము జిల్లాలోనే నిలిచెను. అడవిగాలి మాత్రము ఈ విభజన నెరుగదు. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున ఆ గాలి వీచునపుడు తొట్టిలోని నీటిలో చేయి పెట్టుటకు పిల్లలమైన మేమే జంకుదుము. మా నాయనమ్మకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమె మోకాళ్లు చలికి బిగిసికొనిపోవును. మంచము దిగి నాలుగడుగులు వేయుటకు గోడ పట్టుకొనవలెను. ఉదయముననే వేడినీళ్లు కాళ్లపై పోసికొన్న దినమున ఆమె తానే వసారాలోనికి నడచి వచ్చును. పోసికొనని దినమున మధ్యాహ్నము వరకు మంచముననే యుండును. కావున మా యింట వేడినీరు సుఖమునకై కాదు. ఒక మనిషి నడచుటకై కావలసియుండెను.

ఇన్నాళ్లును మూడురాళ్ల పొయ్యిమీద సత్తుగిన్నెతో నీళ్లు కాచుచుంటిమి. ఇంట ఆరుగురము. గిన్నె చిన్నది గనుక మూడుమారులు కాచవలసివచ్చెడిది. మూడవ గిన్నె కాగునప్పటికి మొదటివాని స్నానము ముగిసి బడిగంటకు వేళయగుచుండెను. కట్టెలు తెచ్చునది మా అమ్మ. చేనిపని లేని దినములలో ఆమె అడవి యంచునకు పోయి, ఎండి పడిన కొమ్మలను ఏరి, మోపుకట్టి నెత్తిన పెట్టుకొని వచ్చుటకు ఒక పూట పట్టును. గీజరు కొనరాదా యని చదువరు లడుగవచ్చును. మా స్నానాలగది పెరటిలో నున్నది; దానికి కరెంటుతీగ లేదు. ఇంటిలోని తీగలు పాతవి. అంత బరువు నోర్చునవి కావని కరెంటుపని తెలిసినవారు చెప్పిరి. తీగలన్నియు మార్చుటకు గీజరు ధరకంటె నెక్కువ వ్యయమగునని తేలెను.

ఇట్లుండగా మా నాన్నగారు ఒకనాడు పాతసామానుల దుకాణమునుండి ఒక రాగికాగును ఆటోలో వేయించుకొని తెచ్చిరి. ఎవరి యింటనో మూడుతరములవారు వాడినదట. వారు పట్టణమున మేడయింటికి మారుచు అమ్మివేసిరట. పాత రాగి ధరకే తూచి యిచ్చిరి. తూకము 14 కిలోలు. మూతి వెడల్పు, కడుపు గుండ్రము, అడుగు కొంచెము చదును. ఇరుప్రక్కల ఉంగరములవలె రెండు చేపట్టులు. ఎనిమిది బిందెల నీరు, అనగా సుమారు 80 లీటర్లు పట్టును. వెలుపల అరచేతి మందమున మసి కట్టినట్లుండెను. లోపల తెల్లని గార. అంచున పచ్చని చిలుము. ప్రక్కన రెండు సొట్టలు. అడుగున ఎవరో వేసిన సీసపుమాటు. నాన్నగారికి మాత్రము అది గుప్తనిధివలె కనబడెను.

అమ్మ దాని చుట్టు ఒకమారు తిరిగి చూచి, "కాగు తెచ్చేది మీరు, కట్టెలు మోసేది నేను. చిన్నగిన్నెకే మోపు చాలడం లేదు. దీని కడుపు నింపాలంటే అడవంతా మోసుకురావాలె" అని లోనికి పోయెను. నాన్నగారు బదులు పలుకలేదు. ఆ మాటకు ఉత్తరము చెప్పుటయే తరువాతి రెండునెలలును మాకు పనియయ్యెను. కాగును బాగుచేయుట సులభముగనే యుండెను. అమ్మ ప్రశ్నకు సమాధానము కనుగొనుట కష్టమయ్యెను.

మొదట పరీక్ష. పాతపాత్రను కొనువారు దానిని చేతితో తట్టి చూతురు. గంటవలె మ్రోగిన రేకు బాగున్నదని తలపవచ్చును. డొల్లుగా మ్రోగిన ఎచ్చటనో బీట యుండును. మా కాగు ప్రక్కలు మ్రోగెను, అడుగు మ్రోగలేదు. దానిని మిట్టమధ్యాహ్నము ఎండలో పైకెత్తి, లోపల తలపెట్టి చూడగా సీసపుమాటు చుట్టును మూడు చుక్కల వెలుగు కనబడెను. మిగిలిన చోట సందేహము తీరుటకు వెలుపల పొడిబూడిద రాచి నీళ్లు నింపి ఒక రాత్రి యుంచితిమి. తెల్లవారి బూడిద తడిసిన తావులే కారు తావులు. ఆ మూడు చిల్లులు తప్ప వేరు దోషము లేదని తెలిసెను.

తరువాత శుభ్రము చేయుట. వెలుపలి మసిని కొబ్బరిపీచుతోను ఇసుకతోను తోమితిమి. మసి వేడిమిని సులభముగ పోనీయదు గనుక దానిని తీసివేయుట అందమునకు మాత్రమే కాదు. లోపలి గార మా బోరునీటి ఫలము. బోరునీటిలో కరగియున్న సున్నపుపదార్థము నీరు కాగునపుడు విడివడి పాత్రకు పట్టుకొనును. దానిని ఉలితో గీకిన రాగి గాయపడును. అమ్మ చింతపండును నానబెట్టి చిక్కగ పులుసుతీసి లోపలంతయు పూసి ఒక పూట విడిచెను. గార మీద సన్ననిబుడగలు లేచెను. పులుపులోని ఆమ్లము సున్నపురాతితో కలిసినపుడు బొగ్గుపులుసుగాలి పుట్టునని మేము తరగతిలో చదివినదే. కాని పెరటిలో ఆ బుడగలు చిటపటలాడుచుండగా చూచిన పిమ్మట ఆ పాఠమును మరచుట యసాధ్యము. ఇట్లు నాలుగుదినములు పూసి కడుగగా గార వదలెను. చిలుమును కూడ ఆ పులుసే తీసెను. చిలుము విషము గనుక ఆ కడిగిన నీటిని కూరమడులలో పోయక దూరముగ పారబోసితిమి.

లోహపుపనికి జనగామ సమీపమున పెంబర్తియు, గోదావరిసీమలో అజ్జరమును ప్రసిద్ధములు. మా వైపున అట్టి గ్రామము లేదు. పెద్ద రాగిపాత్రకు మాటువేయువారు నేడు అరుదు. విచారింపగా కొత్తగూడెములో ఒక వృద్ధుడైన కంచరి యింకను కొలిమి విడువలేదని తెలిసెను. నేనును నాన్నగారును కాగును అచ్చటికి తీసికొనిపోతిమి. ఆయన మొదట సీసపుమాటును గోటితో గీచి చూచి నవ్వెను. "నీళ్లు లేకుండా ఎవరో మంట పెట్టారు బాబూ. అందుకే ఇది కారింది" అనెను.

ఆ మాటలో గొప్ప శాస్త్రవిషయ మున్నది. తగరము 232 డిగ్రీల వద్దను, సీసము 327 డిగ్రీల వద్దను కరగును. కట్టెల మంట అంతకంటె ఎంతయో వేడి. కాని పాత్రలో నీరున్నంతసేపు రేకు నూరు డిగ్రీలకు మించి అంతగా వేడెక్కదు. వేడిమిని నీరు గ్రహించి ఆవిరియై తీసికొనిపోవును. ఈ కారణముననే పలుచని కాగితపు దొప్పలో నీరుపోసి దీపముపై పట్టిన కాగితము కాలదు. మా బడిలో ఉపాధ్యాయుడు ఈ ప్రయోగమును చేసి చూపియున్నారు. నీరు అడుగంటిన క్షణముననే కాగితము అంటుకొనును, మాటు కరగును. పాత్రను మంటనుండి కాపాడునది దానిలోని నీరే యన్నమాట.

కంచరితాత సీసమును పూర్తిగ తీసివేసి, చిల్లులున్న మేర కత్తిరించి, కొత్తరాగిబిళ్ల నొకటి కొలతకు చేసెను. బిళ్ల అంచులను పలుచగ కొట్టి, ఇత్తడిరజనును వెలిగారమును కలిపి అతుకున చల్లి, కొలిమిలో తిత్తి ఊది కాల్చెను. వెలిగారము ముందుగా కరగి రాగిమీది మురికిపొరను తొలగించును. పిమ్మట ఇత్తడి కరగి అతుకులోనికి పారును. ఇట్టి అతుకు సీసమువలె సామాన్యపు మంటకు కరగదు. సొట్టలను తీయుటకు ముందు ఆ తావును ఎర్రగ కాల్చి నీళ్లతో చల్లార్చెను. ఇనుపపని చూచిన నాకు ఆశ్చర్యమయ్యెను. ఎర్రగ కాలిన ఉక్కును నీట ముంచిన గట్టిపడును గదా! రాగి యట్లుగాదు. "కొట్టేకొద్దీ రాగి గట్టిపడుతుంది. గట్టిపడ్డదాన్ని ఇంకా కొడితే పగులుతుంది. కాల్చి మెత్తన చేసి, మళ్లీ కొట్టాలె" అని ఆయన కొయ్యసుత్తితో లోపలినుండి మెల్లగ తట్టుచు చెప్పెను. లోపల కళాయి వేయుమని నాన్నగారు కోరగా ఆయన వలదనెను. కళాయి పులుసులు వండు పాత్రలకు కావలెను, స్నానపునీటి కెందుకని ఆ ఖర్చు తప్పించెను. పని యొప్పుకొన్నవాడు తనకు రాబడి వచ్చు పనిని తానే వలదనుట నేను చూచిన మంచిపాఠములలో నొకటి.

నాన్నగారు కోరినది వేరొకటి కలదు. నాయనమ్మ వంగి మరుగునీటిని ముంచుకొనలేదు. ముంచుకొనుట ప్రమాదము కూడ. కావున అడుగునకు జానెడు ఎత్తున ఒక ఇత్తడిగొట్టమును అతికించి దాని కొనకు కుళాయి అమర్పించితిరి. జానెడు ఎత్తు నిర్ణయించినది కంచరితాతయే. కుళాయి పూర్తిగ విప్పినను ఆ మట్టమునకు దిగువ నీరు నిలిచియే యుండును. ఎవరైన మంటను మరచినను కాగు వట్టిదై కాలదు.

కాగు ఇంటికి వచ్చిన దినమున అది ఉదయసూర్యునివలె మెరయుచుండెను. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చుకొనిరి. అమ్మ మాత్రము మెరుపును మెచ్చలేదు. "కట్టె తూచి పెట్టండి" అనెను. మరునాటి ఉదయము మూడుపెద్దరాళ్లపై కాగును నిలిపి, నీళ్లు నింపి, కట్టెలను తూచి మండించితిమి. నీరు స్నానమునకు పనికివచ్చు వేడికి రాగా 9 కిలోల కట్టె కాలెను. అమ్మ చెప్పినదే నిజమయ్యెను. పాత గిన్నెకంటె సమయము మిగిలినమాట వాస్తవము. మోపు మాత్రము తరుగలేదు. ఆ రాత్రి నాన్నగారు కాగును తిరిగి అమ్మివేయుదునని కూడ ననిరి. నాయనమ్మ తన మంచమునుండి, "నా మోకాళ్లకోసం కోడలి మెడ విరగొద్దు నాయనా, అమ్మేసెయ్" అనెను. ఇంట ఎవ్వరును భోజనము సరిగా చేయలేదు.

నేను లెక్కవ్రాసి చూచితిని. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కెలోరీ కావలెను. 80 లీటర్లనగా 80,000 గ్రాములు. 20 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు తెచ్చుటకు 24 లక్షల కెలోరీలు. రాగిపాత్ర తాను గ్రహించు వేడి దీనిలో నూటికి రెండుపాళ్లు కూడ లేదు. ఎండిన కట్టె కిలోకు సుమారు 35 లక్షల కెలోరీల నిచ్చును. అనగా ఒక కిలో కట్టెలోని వేడిమి యంతయు నీటిని చేరిన చాలును! మేము కాల్చినది తొమ్మిది కిలోలు. నూటికి తొంబదిరెండు పాళ్లు ఆకాశమునకు పోయినవి. రాగి వేడిమిని ఇనుముకంటె అయిదురెట్లు చురుకుగ ప్రసరింపజేయును. కాని మంట పాత్రను తాకక ప్రక్కలకు పోవుచుండగా పాత్ర ఎంత మంచిదైన నేమి ఫలము? దోషము కాగులో లేదు, పొయ్యిలో నున్నది.

కావున పాతకాగును బాగుచేసిన చేతులతోనే కొత్తపొయ్యి కట్టితిమి. ఇటుకలు, పుట్టమన్ను, ఊక కలిపిన మెత్తుబురద ఇంతియే సామగ్రి. కాగుచుట్టును గుండ్రముగ గోడ లేపి, గోడకును రాగికిని నడుమ రెండువ్రేళ్ల సందు విడిచితిమి. మంట అడుగును తాకి, ఆ సందున కడుపంతయు నాకుచు పైకిపోయి, వెనుకనున్న పొగగొట్టముద్వారా వెలుపలికి పోవును. కట్టెక్రింద పాత ఇనుపకడ్డీలతో జల్లెడవలె ఒక అడ్డు అమర్చితిమి. బూడిద క్రిందికి రాలును, గాలి క్రిందినుండి వచ్చును. కుళాయిగొట్టమును గోడగుండ వెలుపలికి తెచ్చితిమి. వారము దినములు ఆరనిచ్చి మరల తూచి మండించితిమి. అదే నీరు, అదే వేడి. కట్టె 4 కిలోలు.

అమ్మ త్రాసు తానే పట్టి, రెండవదినమునను తూచెను. మూడవదినమున అడవికట్టెకు బదులు మా చేనిలోని పత్తికట్టెను తుంచి వేసెను. మా మండలమున పత్తియు మిరపయు విస్తారము. పంట తీసినపిమ్మట ఆ కట్టెను చేనిలోనే కుప్పవేసి తగులబెట్టుట పలువురి వాడుక. ఆ పుల్లలు త్వరగ మండి ఆరిపోవును గనుక మూడురాళ్ల పొయ్యిలో నిలువవు. ఈ గోడపొయ్యిలో నిలిచి కాలినవి. అయితే ఒక లోపము కలదు. వానిని కొద్దికొద్దిగ వేయుచు ఎవరో యొకరు పొయ్యికడ కూర్చుండవలెను. ఆ పని నాకును మా తమ్మునికిని వచ్చినది. ఇప్పుడు మా ఉదయపు చదువు అచ్చటనే సాగుచున్నది. ఈ చలికాలమున అమ్మ కట్టెలకై అడవికి పోయినది రెండుమార్లే.

జపాను దేశమున పెద్ద ఇనుపకాగులో నీరుపోసి, క్రింద మంటపెట్టి, అడుగు కాలకుండ చెక్కపలక వేసికొని, మనుష్యుడే అందులో కూర్చుండి స్నానము చేయు ఆచారము పూర్వమునుండి యున్నది. మన పద్ధతి వేరు. మనము ముంచి పోసికొందుము. పద్ధతి యేదైనను పాత్రవెనుక దానికై శ్రమించిన వారుందురు. నిర్గమకాండమున ప్రత్యక్షపు గుడారమునకై చేసిన ఇత్తడిగంగాళమును గూర్చి మన మందరము వినియున్నాము. ఆ గుడారపు ద్వారమున సేవచేయు స్త్రీల అద్దములతో అది చేయబడెనని 38వ అధ్యాయము తెలుపుచున్నది. ఆనాటి అద్దములు మెరుగుపెట్టిన లోహపుబిళ్లలు. యాజకులు కాళ్లుచేతులు కడుగుకొనుటకు స్త్రీలు తమ యద్దముల నిచ్చివేసిరి. ఆ పాత్రను వర్ణించుచు వారి మాటను విడువక వ్రాసిన లేఖకుని తలచినపుడు నాకు మా అమ్మ మోపు గుర్తునకు వచ్చును.

వృద్ధులున్న యిండ్లలో ఇట్టి కాగును పెట్టుకొనువారికి రెండు మాటలు. బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి పిమ్మట వేడినీళ్లు కలుపవలెను. వెనుకది ముందు చేసిన ఎవరైన తొందరలో చేయి పెట్టి కాల్చుకొందురు. ముసలివారి చర్మమునకు వేడి ఆలస్యముగ తెలియును గనుక మోచేతితో చూచి యియ్యవలెను. కరెంటు సౌకర్యము గలవారు గీజరు వాడుటలో తప్పేమియు లేదు. ఇంత నీటికి సుమారు 3 యూనిట్లు పట్టును. ఏ పద్ధతియైనను దానికి మూల్యము నెవరు చెల్లించుచున్నారో చూచుకొనుట మేలు.

పాతవస్తువు మెరసినంతమాత్రమున బాగుపడినదని యనరాదు. దానిని వాడువారి భారము తగ్గినపుడే అది బాగుపడినది. మా కాగు మసిపట్టి నేడు మరల నల్లబడినది. దానిని మెరయజేయుటకు ఎవ్వరును తొందరపడుటలేదు. పొయ్యియున్న యిండ్లలోని సోదరసోదరీమణులారా! ఒక వారము దినములు మీ యింట కాలు కట్టెను తూచి చూడుడు; దానిని మోసినవారెవరో కూడ ప్రక్కన వ్రాయుడు. ఆ లెక్కలు వచ్చు సంచికకు మీరు పంపుదురుగాక.